వేదిక ఎక్కని పిలుపు: మిషన్ సహాయక సేవలోకి రావాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

మిషన్ సేవ అనగానే కళ్ల ముందు మెదిలేది బైబిలు చేతపట్టి సువార్త ప్రకటించే మనిషి. ఆ మనిషికి నెలనెలా డబ్బు పంపేవాళ్లు, వీసా కాగితాలు చూసేవాళ్లు, కంప్యూటర్ మొరాయిస్తే బాగుచేసేవాళ్లు, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లు, అర్ధరాత్రి జబ్బు చేస్తే ఎక్కడికి తీసుకెళ్లాలో ఫోన్‌లో చెప్పేవాళ్లు వెనకాల ఉంటారని చాలామందికి తట్టదు. అలాంటి పనికి దేవుడు తమను పిలుస్తున్నాడేమో అని మనసులో భారం ఉన్నవాళ్ల కోసం ఈ వ్యాసం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. బోధించే అవకాశం రాలేదు కాబట్టి, కనీసం ఆఫీసు ఉద్యోగం పేరుతోనైనా మిషన్‌లోకి వెళ్లి, తర్వాత మెల్లగా ప్రసంగాలవైపు జరుగుదామనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లు రెండింటికీ న్యాయం చేయలేరు. లెక్కలు చూడటానికి వెళ్లిన మనిషికి లెక్కలు చూడటమే పరిచర్య. ఇది మీకు చప్పగా అనిపిస్తే, ఇక్కడే ఆగి ఆలోచించుకోవడం మంచిది.

మొదటి అడుగు: ఆ పని ఎలా ఉంటుందో దగ్గరగా చూడండి

సహాయక సేవ చాలా విశాలమైనది. అకౌంట్స్, ఆడిట్, సిబ్బంది వ్యవహారాలు, కంప్యూటర్లు, నెట్‌వర్క్‌లు, భవన నిర్మాణం, కరెంటు, నీటి పనులు, వాహనాలు, విమానాలు, ముద్రణ, వీడియో, గెస్ట్ హౌస్ నిర్వహణ, వంట, మిషనరీ పిల్లల బడి, కౌన్సెలింగ్, న్యాయ సలహా, ప్రయాణ ఏర్పాట్లు... ఏ వృత్తి తీసుకున్నా ఎక్కడో ఒకచోట దాని అవసరం ఉంటుంది. 1978లో మొదలైన మెర్సీ షిప్స్ ఆసుపత్రి ఓడల్లో డాక్టర్లు, నర్సులతోపాటు ఇంజనీర్లు, వంటవాళ్లు, టీచర్లు కూడా వాలంటీర్లుగా పనిచేస్తారు. పైగా తమ ఖర్చుల్లో కొంత తామే పెట్టుకుంటారు.

ఒక చిన్న పనినే తీసుకుందాం. ఒక విశ్వాసి కానుక పంపుతూ, "ఫలానా మిషనరీ గారి జీపు రిపేరుకు" అని రాశారు. మిషన్ హోమ్ ఆఫీసులో, అంటే స్వదేశంలోని కార్యాలయంలో, ఒకరు ఆ మాట చదవాలి, రసీదు రాయాలి, ఆ సొమ్మును సరైన ఖాతా కింద చూపించాలి, సంస్థ ఖర్చులకు మినహాయించే శాతాన్ని తీయాలి, కరెన్సీ మార్చి పంపాలి, అవతల అందిందని నిర్ధారించుకోవాలి. ఇందులో ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పు పడితే చాలు, ఆ డబ్బు ఇంకొకరి లెక్కలోకి పోతుంది. జీపు షెడ్డులోనే ఉంటుంది. మిషనరీ రెండు నెలలు ఊళ్లకు వెళ్లలేరు. "నా కానుక ఏమైంది?" అని దాత అడుగుతారు. జవాబు ఆలస్యమైతే మళ్లీ పంపరు. ఇంత పెద్ద గొలుసు ఒక గుమస్తా శ్రద్ధ మీద నడుస్తుంది.

చరిత్రలో కూడా ఇదే కనిపిస్తుంది. విలియం కేరీ పేరు తెలియని క్రైస్తవుడు ఉండడు. ఆయన్ను భారతదేశానికి పంపిన బాప్టిస్ట్ మిషనరీ సొసైటీ 1792లో మొదలైనప్పుడు దానికి కార్యదర్శి అయిన ఆండ్రూ ఫుల్లర్ పేరు ఎందరికి తెలుసు? 1815లో కన్నుమూసేదాకా ఆయన ఊరూరా తిరిగి నిధులు కూడగట్టాడు, ఉత్తరాలు రాశాడు, సొసైటీ మీద వచ్చిన విమర్శలకు జవాబిచ్చాడు. అటు బెంగాలులోని శ్రీరాంపూరులో కేరీ పక్కన ఉన్న విలియం వార్డ్ ముద్రాపకుడు, జాషువా మార్ష్‌మన్ బడిపంతులు. 1812 మార్చిలో అక్కడి ముద్రణాలయం తగలబడి ఏళ్ల తరబడి చేసిన అనువాద ప్రతులు బూడిదయ్యాయి. అచ్చు యంత్రాలు, అక్షరాలు పోతపోసే అచ్చులు మాత్రం దక్కాయి. కరిగిపోయిన సీసాన్ని మళ్లీ పోతపోసి పని కొనసాగించారు. కేరీ పాండిత్యం ఎంత గొప్పదైనా, వార్డ్ చేతిపని తెలిసినవాడు కాకపోతే అంత త్వరగా తేరుకునేవారు కాదు.

1956 జనవరిలో ఈక్వెడార్ అడవిలో వావోరానీ తెగవాళ్ల చేతిలో చనిపోయిన ఐదుగురు మిషనరీల్లో నేట్ సెయింట్ ఒకడు. అతడు మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ పైలట్, మంచి మెకానిక్. గాలిలో వలయాలు తిరిగే విమానం నుంచి పొడవాటి తాడుతో బకెట్‌ను నేలమీద దాదాపు కదలకుండా నిలిపే పద్ధతి కనిపెట్టింది అతడే. వాళ్లు ఆ తెగవాళ్లకు మొదట కానుకలు అందించింది ఆ బకెట్‌తోనే.

రెండో అడుగు: వాక్యంలో ఈ పనికున్న చోటు చూడండి

దీనికి ఒక సాయంత్రం కేటాయించి, ఈ భాగాలు మీరే స్వయంగా చదవండి. మొదటి సమూయేలు 30వ అధ్యాయంలో దావీదు మనుషులు ఆరు వందలమంది. వారిలో రెండు వందలమంది అలసిపోయి బెసోరు వాగు దగ్గర సామాను కాపలాగా ఉండిపోయారు. యుద్ధానికి వెళ్లినవాళ్లతో సమానంగా వాళ్లకూ కొల్లసొమ్ములో వాటా ఇవ్వాలని దావీదు తీర్పు చెప్పి దాన్ని కట్టడగా నియమించాడు. రోమా పత్రికను చేత్తో రాసింది తెర్తియు. 16వ అధ్యాయం 22వ వచనంలో ఒక్క వాక్యంలో నమస్కారం చెప్పి తప్పుకుంటాడు. తీతు 3:13లో జేనా అనే న్యాయవాది ప్రయాణానికి ఏమీ తక్కువ కాకుండా చూడమని పౌలు రాస్తాడు. రెండవ కొరింథీ 8వ అధ్యాయంలో చందా సొమ్ము విషయంలో తనమీద ఎవరూ తప్పు మోపకూడదని పౌలు ఎంత జాగ్రత్త పడ్డాడో చూడండి. ఒక్కడే డబ్బు పట్టుకెళ్లలేదు, సంఘాలు ఎంచుకున్నవాళ్లను వెంట తీసుకెళ్లాడు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం అందరికీ తెలిసిందే కానీ అందులో ఒక సంగతి చాలామంది దాటేస్తారు. బల్లల దగ్గర సేవకు ఎంచుకున్నవాళ్లకు పెట్టిన అర్హతలు మంచి పేరు, ఆత్మతో నిండి ఉండటం, జ్ఞానం. అంటే పని వచ్చి ఉండటం ఒక్కటే సరిపోలేదు. "ఆఫీసు పనే కదా, ఆత్మీయత ఎందుకు" అనేవారికి ఇదే జవాబు.

మూడో అడుగు: పిలుపును పరీక్షించండి

అసలు కష్టం ఇక్కడే. మహాసభలో కన్నీళ్లతో చెయ్యి ఎత్తడం తేలిక, ఆ తర్వాతి సోమవారం ఉదయం కూడా ఆ భారం అలాగే ఉందా అన్నది చూడాలి. నా సలహా ఒక్కటే: తొందరపడి ఎవరికీ ప్రకటించకండి. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, తారీఖు వేసి, మనసులో మెదిలింది, చదివిన వాక్యం, ఎవరైనా అన్న మాట రాస్తూ పోండి. కొన్ని నెలల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే, ఉద్రేకం ఏదో, మళ్లీ మళ్లీ తిరిగొచ్చిన భారం ఏదో మీకే తెలుస్తుంది.

దేనివైపు వెళ్తున్నారో చూసుకున్నట్టే, దేన్నుంచి పారిపోతున్నారో కూడా చూసుకోండి. ఉద్యోగంలో బాస్‌తో పడక, ఇంట్లో గొడవలు తట్టుకోలేక, పెళ్లి కుదరక, పరీక్ష పోయి, వేరే దేశం చూడాలన్న సరదాతో... ఇవన్నీ మనుషుల్ని కదిలిస్తాయి. ఇవి ఉన్నాయి కాబట్టి పిలుపు అబద్ధమని కాదు. ఇవి తీసేశాక ఏమైనా మిగులుతుందా అన్నదే ప్రశ్న. ఇప్పుడున్న చోట సమస్య రేపు తీరిపోయినా ఈ సేవకు వెళ్తారా? మీరు చేసిన పని ఎవరికీ తెలియకపోయినా, సాక్ష్యాల్లో మీ పేరు ఎవరూ ఎత్తకపోయినా చేస్తారా? ఒకే రకం పని మూడేళ్లు చేయాల్సి వస్తే విసుక్కోకుండా ఉండగలరా? మూడో ప్రశ్నకు తడబడేవాళ్లే ఎక్కువ, అందుకే దాన్ని నిజాయితీగా మిమ్మల్ని మీరే అడగండి.

పెళ్లైనవాళ్లకు ఇంకో పరీక్ష ఉంది. భర్తకు పిలుపు వచ్చింది కాబట్టి భార్య సర్దుకుపోవాలనే లెక్క పనికిరాదు. అటునుంచి ఇటైనా అంతే. సర్దుకుపోయిన మనిషి రెండో ఏడాదికి లోలోపల ఎండిపోతారు. ఇద్దరూ ఒకే రోజు ఒకే మాట అనుకోనక్కర్లేదు గానీ, బయలుదేరే రోజుకు ఇద్దరి మనసూ అందులో ఉండాలి. ఒకరు ఇంకా సిద్ధంగా లేకపోతే ఆగడమే విధేయత.

తర్వాత సంఘం. అంతియొకయలో బర్నబాను, సౌలును ప్రత్యేకపరచమని పరిశుద్ధాత్మ చెప్పింది సంఘం ఉపవాసంతో ఆరాధిస్తున్నప్పుడు. వాళ్లిద్దరూ తమంతట తాము టికెట్టు కొనుక్కుని వెళ్లలేదు. మీ పాస్టరు గారి దగ్గరకు వెళ్లి, "అయ్యా, దేవుడు నన్ను పిలిచాడు, మీరు ప్రార్థన చేసి పంపండి" అనకండి. "నాకు ఇలా అనిపిస్తోంది, నన్ను మీరు ఎరుగుదురు కదా, మీకేమనిపిస్తోంది?" అని అడగండి. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. మొదటిదానికి ఎవరూ కాదనలేరు, అదే దాంట్లో ప్రమాదం. "దేవుడే చెప్పాడు" అన్న మాటను ఎదుటివారి నోరు మూయించడానికి వాడేవాళ్లు, రేపు ఆఫీసులో కూడా అదే వాడతారు.

పాస్టరు గారితో పాటు ఇంకో ముగ్గురితో మాట్లాడండి. మీతో కలిసి పనిచేసినవాళ్లు ఒకరు, మీ ఇంటి మనిషి ఒకరు, మొహమాటం లేకుండా "నీకిది సరిపడదు" అనగలిగినవాళ్లు ఒకరు.

దేవుని స్వరం చెవులారా వినలేదని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. సహాయక సేవలో ఉన్న చాలామంది పిలుపు దర్శనంగా రాలేదు. ఒక అవసరం కనబడింది, ఆ పని తమకు వచ్చు, చేయాలన్న కోరిక పోలేదు, సంఘం అవునంది, దారి తెరుచుకుంది. అంతే. దారి మూసుకుంటే? ఒక వీసా రాకపోయినంత మాత్రాన పిలుపు లేదని కాదు. ఆ దేశం కాదేమో, ఇప్పుడే కాదేమో. పౌలు ఆసియాలో బోధించకుండా ఆత్మ ఆపాడు, అప్పుడే మాసిదోనియ దర్శనం వచ్చింది.

నాలుగో అడుగు: చేతిలో ఉన్న పనికి పదును పెట్టండి

మీ వృత్తిలో మీరు నిజంగా ఎంత దిట్ట? మిషన్ ఆఫీసులో చాలాచోట్ల మీ పనికి మీరొక్కరే. పక్క సీటులో అడిగి చెప్పించుకోవడానికి సీనియర్ ఉండరు. అందుకే చదువు అవ్వగానే వెళ్లడం కంటే, బయట కొన్నేళ్లు మామూలు ఉద్యోగం చేసి, తప్పులు చేసి, తిట్లు తిని, నేర్చుకుని వెళ్లడం మేలు. విమాన మెకానిక్కు లైసెన్సు, అనుభవం ఉండాలి. టీచరుకు బోధనార్హత కావాలి. అకౌంటెంటుకు ఫలానా పనికని వచ్చిన నిధులను ఆ పనికే వాడినట్టు చూపించే పద్ధతి తెలిసి ఉండాలి.

దాంతోపాటు మీ వృత్తికి పక్కనున్న ఒకటి రెండు పనులు నేర్చుకోండి. కంప్యూటర్ మనిషికి సోలార్ కరెంటు గురించి కాస్త తెలిస్తే, లెక్కల మనిషికి జీతాల చట్టాలు కాస్త తెలిస్తే మారుమూల చోట్ల బాగా అక్కరకొస్తుంది. బైబిలు చదువు కూడా తప్పదు. కాలేజీ డిగ్రీ కానక్కర్లేదు. ఏడాదిపాటు క్రమంగా చదివిన ఒక కోర్సు చాలు, ఎందుకంటే అక్కడ ఎవరూ మీకు ఆత్మీయ ఆహారం వండి పెట్టరు.

ఐదో అడుగు: ఉన్నచోటే మొదలుపెట్టండి

మీ సంఘం పంపిన మిషనరీకి ఈ వారమే ఒక మెసేజ్ పెట్టండి. "మీ కోసం ప్రార్థిస్తున్నాం" అని ఆపేయకుండా, "మీ సమయాన్ని ఎక్కువగా తినేసే పని ఏది?" అని అడగండి. రిపోర్టులు రాయడం, ఫొటోలు సర్దడం, ఖర్చుల పట్టిక, ప్రార్థనా పత్రిక దిద్దడం... వచ్చే జవాబుల్లో సగం మీరు ఇంటి దగ్గరే కూర్చుని చేయగలిగినవి. ఒకటి తీసుకుని, చెప్పిన తారీఖుకు చెప్పినట్టు చేసివ్వండి. ఆర్నెల్లు చేయండి. మూడో నెలలో ఆసక్తి సన్నగిల్లితే, సముద్రం దాటినంత మాత్రాన అది పెరగదు.

సంఘంలో కానుకల లెక్క, సౌండ్ సిస్టమ్, వంట, రవాణా, ఎవరూ ముందుకు రాని ఇలాంటి పనుల్లో ఒకటి ఎత్తుకోండి. సెలవుపై వచ్చిన మిషనరీ కుటుంబానికి ఇంట్లో చోటిస్తే, సాక్ష్య సభల్లో వినపడని సంగతులు వినపడతాయి. వీలైతే కొన్ని వారాల స్వల్పకాలిక యాత్రకు వెళ్లండి. అయితే ఫొటోలు దిగి వచ్చే రకం యాత్ర కాకుండా, మీ వృత్తి పనే చేసే యాత్ర ఎంచుకోండి.

ఆరో అడుగు: సంస్థను ఎంచుకోండి

ఇక్కడ కొంచెం గట్టిగా ఉండాలి. భక్తి ఉన్న చోట క్రమశిక్షణ కూడా ఉంటుందని అనుకోకండి. సంస్థ మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడుగుతుందో, మీరూ అన్ని అడగాలి. అడిగితే నొచ్చుకునే సంస్థను పక్కన పెట్టేయొచ్చు. ఈ కింది విషయాలు కాగితం మీద చూపించమనండి:

- విశ్వాస ప్రకటన. అందులో మీరు ఒప్పుకోలేని వాక్యం ఏదైనా ఉందా?
- ఏటా బయటి ఆడిటర్ లెక్కలు తనిఖీ చేస్తారా, ఆ నివేదిక చూడనిస్తారా?
- జీతం ఇస్తారా, మద్దతు (మీ ఖర్చులకు నెలనెలా కానుకలిచ్చేవాళ్లను) మీరే సమకూర్చుకోవాలా? కానుకల్లో ఎంత శాతం సంస్థ ఖర్చులకు తీస్తారు?
- మీ పైన ఎవరు? ఆ మనిషితో పేచీ వస్తే ఎవరికి చెప్పుకోవాలి?
- పిల్లల రక్షణకు రాతపూర్వక నియమావళి ఉందా? పిల్లలతో పనిచేసేవాళ్ల నేపథ్యం విచారిస్తారా?
- ఆరోగ్య ఇన్సూరెన్స్, అత్యవసరంగా తరలించే ఏర్పాటు, పింఛను, సెలవులు.
- ఈ పదవిలో ఇంతకుముందున్న వ్యక్తి ఎందుకు వెళ్లిపోయారు?

చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. వీలైతే ఆ వెళ్లిపోయిన మనిషితోనే మాట్లాడండి. పది బ్రోచర్లు చెప్పని విషయం అరగంట ఫోన్‌లో తెలుస్తుంది.

పెద్ద సంస్థలో పద్ధతులు ఉంటాయి, నెమ్మది కూడా ఉంటుంది. చిన్న సంస్థలో చొరవ ఉంటుంది, కానీ అన్నీ ఒక్క నాయకుడి చేతిలో ఉండే ప్రమాదం ఉంది. డబ్బు సంతకాలన్నీ ఒకే కుటుంబం చేతిలో ఉన్న చోటికి అకౌంటెంటుగా మాత్రం వెళ్లకండి. మొదట నలిగేది మీరే.

ఏడో అడుగు: దరఖాస్తు

ఫారాలు, సాక్ష్యం, రిఫరెన్సులు, వైద్య పరీక్ష, పోలీసు ధ్రువపత్రం, మానసిక ఆరోగ్య అంచనా, ఇంటర్వ్యూలు. నెలలు పడుతుంది. మానసిక అంచనా అనగానే బెదరొద్దు. గతంలో డిప్రెషన్‌కు మందులు వాడి ఉంటే దాచొద్దు. చాలా సంస్థలు దాన్ని అనర్హతగా చూడవు. దాచిన సంగతి మాత్రం తర్వాత బయటపడితే నమ్మకం పోతుంది. అప్పులు, పాత కేసులు, తెగిపోయిన పెళ్లిళ్లు, అన్నీ ముందే చెప్పండి.

ఎనిమిదో అడుగు: మద్దతు కూడగట్టండి

చాలామంది వెనకడుగు వేసేది ఇక్కడే. డబ్బు అడగడమంటే బిచ్చమెత్తడం అన్న భావన మనలో లోతుగా ఉంది. పైగా సహాయక సేవకుల కష్టం ఇంకొకటి. "వందమందికి బాప్తిస్మమిచ్చాం" అని వాళ్లు చెప్పలేరు. "సర్వర్ మార్చాం" అని చెబితే ఎవరి గుండె కరుగుతుంది?

దీనిమీద విశ్వాసుల్లోనే రెండు దారులున్నాయి. 1865లో చైనా ఇన్లాండ్ మిషన్ మొదలుపెట్టిన హడ్సన్ టేలర్ మనుషుల్ని డబ్బు అడక్కుండా దేవుణ్ణే అడగాలన్నాడు. అయితే ఇంగ్లండులో విలియం బెర్గర్ అనే ఆయన ఉత్తరాలు, లెక్కలు, కొత్తవాళ్ల ఎంపిక చూసుకుంటూ ఏళ్లపాటు వెనక నిలబడ్డాడన్నది ఆ కథలో భాగమే. పౌలు మాత్రం స్పెయిను ప్రయాణానికి తనను సాగనంపమని రోమా సంఘానికి సూటిగానే రాశాడు. ఏ దారైనా వాక్యానికి వ్యతిరేకం కాదని నా అభిప్రాయం. మీ సంస్థ పద్ధతి ఏదో తెలుసుకుని, మనస్సాక్షికి నచ్చితేనే చేరండి.

ముందు బడ్జెట్ రాయండి. రెండు భాగాలుగా ఉండాలి. ఒకసారి అయ్యేవి: ప్రయాణం, శిక్షణ, సామాను, వీసా రుసుములు. నెలనెలా అయ్యేవి: అద్దె, తిండి, బడి ఫీజు, ఇన్సూరెన్స్, పన్నులు, సంస్థ శాతం, పింఛను పొదుపు, ఇంటికొచ్చే ప్రయాణానికి నెలనెలా పక్కన పెట్టే మొత్తం. పింఛనును చాలామంది కొట్టేస్తారు, "దేవుడు చూసుకుంటాడు" అంటారు. అరవై దాటాక పిల్లల మీద పడేది ఆ మాటే. కొట్టేయకండి.

తర్వాత మనుషుల జాబితా. పెద్ద మొత్తం ఇచ్చే ఒకరిద్దరి మీద ఆధారపడటం కంటే, చిన్న మొత్తాలు క్రమంగా ఇచ్చే ఎక్కువమంది ఉండటం మంచిది. ఒకరి ఉద్యోగం పోతే మీ సేవ ఆగిపోకూడదు. సభలో అందరినీ కలిపి అడగటం కన్నా, ఇంటికెళ్లి ఒక కుటుంబంతో కూర్చుని మాట్లాడటమే ఫలిస్తుంది. మాట ఇలా ఉండొచ్చు:

"అన్నయ్యా, వదినా, అనువాదకులు ఒక భాషలో కొత్త నిబంధన పని చేస్తున్నారు. వాళ్లు ముగ్గురు. రోజులో రెండు గంటలు కంప్యూటర్ సమస్యలకే పోతోంది. నేను వెళ్తే ఆ రెండు గంటలు వాళ్లకు తిరిగొస్తాయి. నాకు నెలకు ఇంత కావాలి, ఇప్పటికి సగం సమకూరింది. మీరు నెలనెలా ఇందులో పాలు పంచుకోగలరేమో ప్రార్థన చేసి చెప్పండి. వీలుకాదన్నా మన మధ్య ఏమీ మారదు. వచ్చే ఆదివారం తర్వాత నేనే ఫోన్ చేస్తాను."

ఇందులో పని ఏమిటో ఉంది, మొత్తం ఉంది, కాదనే స్వేచ్ఛ ఉంది, మళ్లీ ఎప్పుడు అడుగుతారో ఉంది. చెప్పిన రోజున ఫోన్ చేయడం మరవకండి. ఊరికే "ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అని వచ్చేసి, వాళ్లే అర్థం చేసుకుని ఇస్తారని ఎదురుచూడటం ఇద్దరికీ ఇబ్బంది.

ప్రార్థనా పత్రిక నెలకో రెణ్ణెల్లకో ఒక పేజీ చాలు. సర్వర్ గురించి రాయొద్దని కాదు. సర్వర్ ఆగిన రోజు అనువాదకురాలు ఏం చేయలేకపోయిందో, నడిచాక ఏ అధ్యాయం పూర్తిచేసిందో రాయండి. ఆమె ఫలాన్ని మీ ఖాతాలో వేసుకోకండి, దానికి మీ పని ఎలా తోడైందో చెప్పండి. క్రైస్తవులకు ఆటంకాలున్న ప్రాంతమైతే పేర్లు, ఊళ్లు, ముఖాలు కనిపించే ఫొటోలు వద్దు. ఏం రాయొచ్చో సంస్థను ముందే అడగండి.

తొమ్మిదో అడుగు: బయలుదేరే ముందు

అప్పులు తీర్చండి, లేదా తీరే దారి స్పష్టంగా రాసుకోండి. వీలునామా రాయండి. అమ్మానాన్నల వైద్యం, బాగోగులు ఎవరు చూస్తారో తోబుట్టువులతో కూర్చుని మాట్లాడుకోండి. "దేవుని పని మీద పోతున్నాను" అని ఆ భారమంతా చెల్లెలి నెత్తిన పెట్టి వెళ్లడం మంచి సాక్ష్యం కాదు. పిల్లలకు వాళ్ల వయసుకు తగ్గట్టు ముందే చెప్పండి, వీడ్కోలు చెప్పుకునే సమయం ఇవ్వండి.

వీసా విషయంలో అడ్డదారి వద్దు. టూరిస్టు వీసా మీద వెళ్లి ఆఫీసులో ఉద్యోగం చేస్తే, పట్టుబడిన రోజు ఇబ్బంది మీ ఒక్కరికే కాదు, అక్కడి సంఘానికీ వస్తుంది.

భాష నేర్చుకోవడం బోధకులకే అనుకునేవాళ్లున్నారు. ఆఫీసులో అందరికీ ఇంగ్లిషు వచ్చినా, కాపలా మనిషితో, బ్యాంకు గుమస్తాతో, పొరుగింటి అమ్మతో మాట్లాడలేకపోతే మీ లోకం ఆఫీసు గోడల మధ్యే ఉండిపోతుంది. కనీసం మొదటి కొన్ని నెలలు భాషకే కేటాయించమని సంస్థను గట్టిగా అడగండి. ఖాళీగా ఉన్న కుర్చీ మిమ్మల్ని తొందరపెడుతుంది, లొంగకండి.

పదో అడుగు: మొదటి ఏడాది

వెళ్లగానే పద్ధతులన్నీ పాతకాలంగా కనిపిస్తాయి. రెండు రిజిస్టర్లలో ఒకే సంగతి రాస్తుంటారు, అర్థం కాని ఫారం ఒకటి నింపుతుంటారు. వెంటనే మార్చేయాలని చెయ్యి లాగుతుంది. కొన్ని నెలలు ముట్టుకోకండి. రెండో రిజిస్టరు ఎందుకుందో అడగండి. ఒకప్పుడు దొంగతనం జరిగి ఉండొచ్చు, కరెంటు లేని రోజులు ఉండొచ్చు. కారణం తెలిశాక మార్చితే అందరూ మీతో వస్తారు.

డబ్బు ముట్టే పనైతే ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. నగదు లెక్కించేది ఒక్కరే, ఖాతా రాసేదీ వాళ్లే, బ్యాంకులో వేసేదీ వాళ్లే అయితే ఎంత మంచి మనిషినైనా శోధనలోకి, అనుమానంలోకి నెట్టినట్టే. "మామీద నమ్మకం లేదా?" అని ఎవరైనా నొచ్చుకుంటే, పౌలు కూడా చందా విషయంలో ఒంటరిగా వెళ్లలేదని చెప్పండి.

కంప్యూటర్ పనైతే మొదటి వారంలోనే బ్యాకప్ చూడండి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే భవనంలో. శ్రీరాంపూరు ప్రతులకు ఆ అవకాశం లేదు, మీకుంది. బ్యాకప్ ఉంటే చాలదు, దాన్నుంచి ఒక ఫైలు తిరిగి తీసి చూడండి. తెరుచుకోకపోతే అది బ్యాకప్ కాదు.

మీ పనినంతా మొదటి రోజు నుంచే రాసి పెట్టండి. నెలాఖరున ఏం చేస్తారు, ఏ తాళం ఎక్కడుంది, ఏ లైసెన్సు ఎప్పుడు ముగుస్తుంది, ఎవరికి ఫోన్ చేయాలి. మీరు జ్వరంతో పడుకుంటే మిషన్ ఆగిపోయే పరిస్థితి మీ గొప్పతనానికి గుర్తు కాదు.

ఇక మనసు సంగతి. రోజంతా బైబిలు పనికి సంబంధించిన ఫైళ్ల మధ్యే ఉండి, సొంత బైబిలు తెరవని రోజులు వస్తాయి. సహోద్యోగులే సంఘం, వాళ్లే పొరుగువాళ్లు, వాళ్లే స్నేహితులు కావడం వల్ల ఆఫీసులో వచ్చిన పేచీ ఆదివారం ఆరాధన దాకా వెంట వస్తుంది. అందుకే స్థానిక సంఘంలో మామూలు విశ్వాసిగా కూర్చోండి. సంస్థకు బయట ఒక స్నేహితుడో, స్నేహితురాలో ఉండాలి. వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి తీసుకోండి. ఫీల్డులో ఉన్నవాళ్లు ఎండలో తిరుగుతుంటే ఆఫీసువాళ్లం సెలవు తీసుకోవడమేంటన్న అపరాధభావం వస్తుంది, దానికి చోటివ్వకండి. మెప్పుదల కోసం ఎదురుచూడటం కూడా మానుకోవాలి. జీతం టైముకి అందినప్పుడు ఎవరూ థాంక్స్ చెప్పరు. ఆలస్యమైతే మాత్రం అందరూ ఫోన్ చేస్తారు.

కొనసాగాలా, తిరిగి రావాలా

ఒప్పందం ముగిసే ముందు పంపిన సంఘంతో, సంస్థతో, ఇంటివాళ్లతో కలిసి ఒకసారి కూర్చోండి. పని ఇంకా అవసరమా? ఆ దేశపు విశ్వాసి ఒకరికి దాన్ని నేర్పి అప్పగించే సమయం వచ్చిందా? చాలా సందర్భాల్లో దీనికి జవాబు అవునే. అలా అప్పగించగలిగితే మీ సేవ బాగా జరిగినట్టే, మీకు చోటు లేకుండా పోయినట్టు కాదు. ఆరోగ్యం, పిల్లల చదువు, తల్లిదండ్రుల వయసు కారణంగా తిరిగి వస్తే అది ఓటమి అనుకోనక్కర్లేదు. తిరిగొచ్చాక సొంత ఊరే కొత్తగా అనిపిస్తుంది. కొన్ని నెలలు ఏ బాధ్యతా ఒప్పుకోకుండా ఉండనివ్వమని సంఘాన్ని ముందే అడిగి పెట్టుకోండి.

వచ్చేముందు మిగిలిన పనులు మూడు. అప్పగింత పత్రం రాసి, కొత్త మనిషితో కనీసం ఒక నెలాఖరు లెక్కలు కలిసి ముగించండి. పాస్‌వర్డులు, బ్యాంకు సంతకాలు, తాళాలు మీ పేరు మీదనుంచి మార్పించండి. మద్దతు ఇచ్చినవాళ్లకు ఆఖరి పత్రిక రాసి, ఫలానా నెలతో కానుకలు ఆపమని, మీ ఖాతాలో మిగిలిన సొమ్మును సంస్థ నియమాల ప్రకారం దేనికి వాడుతున్నారో వివరంగా తెలియజేయండి.